లెక్కలోకి రాని గంట

వరలక్ష్మీ వ్రతం రోజు. పీట మీద కూర్చుని కథ చదువుతున్నాను. చారుమతీదేవి కలలోకి అమ్మవారు వచ్చే ఘట్టం. మా వీధి ముత్తయిదువులు ఎనిమిదిమంది అక్షింతలు చేతిలో పట్టుకుని వింటున్నారు. సరిగ్గా అప్పుడు నా ఎడంచేతికి, గాజుల పక్కన, జుయ్‌మని ఏదో వణికింది. చూద్దును కదా, చేతి గడియారం నన్ను లేచి నిలబడమంటోంది! చాలాసేపట్నుంచీ కదలకుండా కూర్చున్నానట.

"ఎవరమ్మా ఫోను?" అంది పక్కింటి పిన్నిగారు.

"ఫోను కాదు పిన్నిగారూ, లేవమంటోంది."

"అమ్మవారు వచ్చే వేళకి లేవమంటోందా? బుద్ధిమంతురాలే!" అందావిడ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ మనసులో చిన్న ముల్లు గుచ్చుకుంది. నేనెప్పుడు కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో చెప్పడానికి ఇంట్లో ఇంతమంది ఉండగా ఇదొకటి కొత్తగా చేరిందా అని.

గడియారం కన్నా ముందు సైకిలు సంగతి చెప్పాలి. అంతకు ముందు వేసవిలో నాకు రక్తపరీక్ష చేయిస్తే పరగడుపున చక్కెర 112 వచ్చింది. "ఇంకా జబ్బు కాదమ్మా, గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రానివ్వకండి" అన్నాడు డాక్టరుగారు. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కాస్త చెమటపట్టేలా కదలాలన్నాడు. నడక మొదలుపెట్టాను. పదిరోజులకే కుడి మోకాలు మొరాయించింది. అయితే సైకిలు తొక్కండి, ఒంటి బరువు సీటు మీద పడుతుంది కాబట్టి మోకాళ్ళకి సుఖం అన్నాడాయన.

మా అమ్మాయి టెన్త్‌లో కొన్న లేడీస్ సైకిలు మెట్ల కింద ఉల్లిపాయల బస్తా వెనకాల దుమ్ము కొట్టుకుని పడుంది. టైర్లు పగుళ్ళిచ్చాయి, చైను తుప్పుపట్టింది. రైల్వేస్టేషను దగ్గరి సైకిలు షాపు బాబాయి దాన్ని చూసి, "పాత ఇనుముకి వేసేస్తారా, తొక్కుతారా?" అన్నాడు. తొక్కేది నేనే అన్నాక ఒకసారి తలెత్తి నా వంక చూసి, ఇంకేమీ మాట్లాడకుండా పనిలో పడ్డాడు. టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, బేరింగుల్లో గ్రీజు... అన్నీ కలిపి 1,400 రూపాయలయ్యాయి. నెల సామాన్ల లెక్కలో ఎక్కడ సర్దానో అడక్కండి.

సైకిలు నాకు కొత్తేం కాదు. మా చిన్నప్పుడు అద్దె సైకిళ్ళ మీద నేర్చుకున్నాం. సీటు అందేది కాదు. కడ్డీ మధ్యలోంచి కాలు దూర్చి, ఒళ్ళంతా ఒక పక్కకి ఒంచి, సగం సగం పెడలు తొక్కుతూ వెళ్ళేవాళ్ళం. ఇంటర్మీడియట్ రెండేళ్ళూ కాలేజీకి సైకిలు మీదే వెళ్ళాను. పెళ్ళయ్యాక దిగినదాన్ని మళ్ళీ ఎక్కలేదు. ఎవరూ ఎక్కద్దనలేదు, నేనూ ఎక్కుతాననలేదు. అంతే.

నలభై దాటిన ఆడది తెల్లారగట్ల సైకిలెక్కితే తెనాలి ఊరు ఊరుకుంటుందా? "బండి అమ్మేశారా ఏంటండీ?" అని మావారిని అడిగినవాళ్ళున్నారు. ఇలాంటి మాటలు పడ్డప్పుడల్లా నాకు పుదుక్కోట్టై ఆడవాళ్ళు గుర్తొస్తారు. 1990ల మొదట్లో తమిళనాడులోని ఆ జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగినప్పుడు, చదువుతోపాటు ఆడవాళ్ళకి సైకిలు కూడా నేర్పించారు. అప్పటి కలెక్టరు షీలారాణీ చుంకత్‌గారి పూనిక అది. కూలిపనులకి వెళ్ళేవాళ్ళూ, రాళ్ళ క్వారీల్లో చేసేవాళ్ళూ వేలకి వేలమంది నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్ళు చాలక మగవాళ్ళవే తొక్కారు. పాత్రికేయులు పి.సాయినాథ్ రాసినదాన్నిబట్టి, కొందరికి మగవాళ్ళ సైకిలే నచ్చిందట. దానికి ముందు కడ్డీ ఉంటుంది కదా, బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చని! వాళ్ళు పడ్డ మాటల ముందు నావి ఏపాటి?

మా ఇంటి దగ్గర్నుంచి రెండు మలుపులు తిరిగితే కాలవ గట్టు. తెనాలికి కాలవలే అందం. బెజవాడ బ్యారేజీ దగ్గర విడిచిన కృష్ణ నీళ్ళు దుగ్గిరాల లాకుల మీదుగా మా ఊరికొచ్చి, కిందికి పోతాయి. దుగ్గిరాల వైపు గట్టు పట్టుకుని వెళ్తే ఒక పక్క నీళ్ళు, ఒక పక్క మాగాణి. మొదటిరోజు ఎంతదూరం వెళ్ళానో నాకే తెలీదు. రొప్పు రాగానే వెనక్కి తిరిగాను. ఇంటికొచ్చి కాఫీ తాగుతుంటే కాళ్ళు వణుకుతున్నాయి, మనసు మాత్రం పదహారేళ్ళ పిల్లలా గెంతుతోంది. "ఏమిటే ఆ మొహం, లాటరీ తగిలిందా?" అన్నారు మావారు.

ఆ సంబరం ఫోన్లో చెప్పినందుకే హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఆ గడియారం కొనిపంపింది. ప్రేమతోనే పంపింది, అందులో సందేహం లేదు. అడుగులు లెక్కపెడుతుంది, గుండె కొట్టుకోవడం లెక్కపెడుతుంది, ఎంతసేపు నిద్రపోయానో చెప్తుంది. మనం ఎక్కడున్నామో చుక్కలాగా తన ఫోన్లో కనిపించేట్టు కూడా చేసిపెట్టింది.

వచ్చిన రెండోరోజే దాని తెలివి బయటపడింది. రాత్రి చుట్టాలొస్తే నలభై చపాతీలు వత్తాను. గడియారం చూసుకుంటే బ్రహ్మాండంగా నడిచానని మెచ్చుకుంది! మర్నాడు గంటసేపు సైకిలు తొక్కి వస్తే, ఇవాళ కదల్లేదేం అంది. చెయ్యి ఊగితే అడుగు అనుకుంటుంది పాపం. హ్యాండిల్ పట్టుకున్న చెయ్యి ఊగదు కదా. అమ్మాయికి చెప్తే నవ్వి, "సైకిలెక్కేముందు ఈ బొమ్మ నొక్కాలమ్మా" అని నేర్పింది.

అన్నట్టు, ఈ రోజుకి పదివేల అడుగులు అనే మాట ఎక్కడిదో తెలుసా? 1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి. మరుసటేడు, 1965లో, జపానులో యమాసా అనే కంపెనీ నడుముకి పెట్టుకునే అడుగుల మీటరు అమ్మకానికి తెచ్చి దానికి 'మాన్‌పో-కే' అని పేరు పెట్టింది. మాన్ అంటే పదివేలు, పో అంటే అడుగులు, కే అంటే కొలిచేది. గుండ్రటి అంకె, పలకడానికి బాగుంది, లోకమంతా పాకిపోయింది. 2019లో అమెరికాలో సుమారు 16,700 మంది పెద్ద వయసు ఆడవాళ్ళని పరిశీలించిన నివేదిక వచ్చింది. రోజుకి 4,400 అడుగులు వేసేవాళ్ళలోనే మేలు కనిపించిందట, 7,500 దాటాక ఇంకా ఇంకా పెరిగిందేమీ లేదట. కాబట్టి పదివేలు పూర్తికాలేదని రాత్రి పదింటికి వంటింట్లో గుండ్రంగా తిరిగే వదినలూ, ఇక హాయిగా పడుకోండి.

బొమ్మ నొక్కడం నేర్చుకున్నాక నా సైకిలు మారిపోయింది. నిన్న 9.2 కిలోమీటర్లు, ఇవాళ 8.7. ఎందుకు తగ్గింది? నిన్న 46 నిమిషాలు, ఇవాళ 49. ఎక్కడ పోయాయి మూడు నిమిషాలు? గేదెలు అడ్డొచ్చాయి. గేదెల మీద కోపం వచ్చింది! పెళ్ళయిన దగ్గర్నుంచీ పాల లెక్క, గ్యాసు లెక్క, చాకలి పద్దు, చీటీపాట లెక్క రాస్తున్న చెయ్యి కదా ఇది. అంకె కనిపిస్తే చాలు, దాన్ని సరిచెయ్యందే నిద్రపట్టదు.

ఫిబ్రవరిలో ఒకరోజు అలాగే ఎగశ్వాస దిగశ్వాసగా తొక్కి, మూడు నిమిషాలు సంపాదించుకుని విజయగర్వంతో ఇంటికొచ్చాను. మా అత్తగారు వరండాలో కూర్చుని ఉన్నారు. నేను పక్కనుంచి వెళ్తుంటే చున్నీ పట్టుకుని వాసన చూశారు.

"పసుపు వండుతున్నారేం అమ్మాయ్ అప్పుడే?"

నాకు నోట మాట రాలేదు. దుగ్గిరాల చుట్టుపక్కల పసుపు ఎంత పండుతుందో మీకు తెలుసుగా, అక్కడి మార్కెట్టు యార్డుకి పెద్ద పేరు. జూన్ ప్రాంతంలో నాటిన పసుపుని ఎనిమిది తొమ్మిది నెలలకి తవ్వి, కొమ్ములు ఉడకబెట్టి, పది పదిహేను రోజులు ఎండబెట్టి, అప్పుడు మెరుగు పెడతారు. ఉడికేటప్పుడు వచ్చే వాసన... మట్టీ, ఆవిరీ, కాస్త ఘాటూ కలిసి ఉంటుంది. మనం పసుపు డబ్బా మూత తీస్తే వచ్చేది దాని నీడ మాత్రమే. ఆ ఆవిరి మధ్యలోంచి నేను సైకిలు మీద వచ్చాను. నా బట్టలకి పట్టింది, నా ముక్కుకి అందలేదు. వరండాలోంచి కదలని 78 ఏళ్ళావిడకి అందింది.

ఆ తర్వాత వారం కాస్త నెమ్మదిగా వెళ్ళాను. దారిలో ఒక పాత రేవు ఉంది, మెట్లు సగం విరిగిపోయాయి. సైకిలు స్టాండు వేసి కింది మెట్టు మీద కూర్చున్నాను. కాలవలో నీళ్ళు తగ్గుతున్న రోజులు. ఒక నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. ఆ గట్టున ఎవరో మినుము కట్టలు మోస్తున్నారు. వరి కోతకి ముందే, చేలో పైరు నిలబడి ఉండగానే ఆ తడిలో మినుములు చల్లేస్తారు మా వైపు. వరి కోసేసరికి మినుము మొలిచి ఉంటుంది. మనం రుబ్బే ఇడ్లీపిండి వెనకాల అంత ఒడుపుందన్నమాట. ఇలా ఏవో ఆలోచనలు, కాసేపయ్యాక ఆలోచనలు కూడా లేవు.

సాయంత్రం అమ్మాయి ఫోను. "అమ్మా, పొద్దున కాలవ దగ్గర 22 నిమిషాలు కదల్లేదేంటి? ఒంట్లో బాలేదా?"

"చైను ఊడిందే" అన్నాను.

ఫోను పెట్టేశాక చాలాసేపు నా మీద నాకే చిరాకేసింది. చైను ఊడలేదు. నేను నా కూతురితో అబద్ధం ఎందుకాడాను? కూర్చున్నాను అంటే ఏం పోయేది? ఏమీ పోదు. కానీ ఇరవై రెండు నిమిషాలు ఊరికే కూర్చున్నానని పైకి చెప్పడం నాకు చేతకాలేదు. గుడికెళ్ళి ఆలస్యమైతే అర్చనకి జనం ఉన్నారని చెప్తాం. బజారులో ఆలస్యమైతే బేరం తెగలేదంటాం. ఏ ఆలస్యానికైనా ఒక కారణం జేబులో పెట్టుకునే ఇంట్లోకి అడుగుపెడతాం. అలవాటైపోయిన నోరు, అడిగింది కన్నకూతురైనా అదే చెప్పింది.

మర్నాడు గడియారం విప్పి ఫ్రిజ్ మీద పెట్టి వెళ్ళాను. ఫోను కూడా. దారిలో కిలోమీటరు రాళ్ళుంటే వాటి వైపు కూడా చూడలేదు. ఎండ వీపుకి తగిలితే టైమవుతోందని, బెజవాడ వైపు బండి కూత వినిపిస్తే ఇక తిరగాలని తెలుసుకోవడం మొదలుపెట్టాను. పావుగంట అటూ ఇటూ అయ్యేది. ఇడ్లీ రేకులు పావుగంట ఆలస్యంగా పొయ్యెక్కినంత మాత్రాన మా ఇంట్లో ఎవరూ శోషొచ్చి పడిపోలేదు. అమ్మాయితో "దాని ఛార్జింగు అయిపోయిందే" అని మరో అబద్ధం. ఇలా నెలలు గడిపాను. ఇదే నేను చేసిన తప్పు. దానికి శిక్ష పడకుండా ఎలా ఉంటుంది?

నవంబరులో పడింది. వరి పండి చేలు బంగారంలా ఉన్నాయి, మంచు పల్చగా పట్టింది. కాళ్ళు ఆగమనలేదు, నేనూ ఆపలేదు. రేవు దాటాను, ఎప్పుడూ తిరిగే తూము దాటాను. తలెత్తి చూస్తే దుగ్గిరాల లాకులు! ఒకప్పుడు ఈ కాలవల్లో సరుకుల పడవలు తిరిగేవి. ఎత్తులో ఉన్న నీటి నుంచి పల్లంలో ఉన్న నీటికి పడవని దింపడానికే ఈ లాకులు. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూసి, నీళ్ళు వదిలి, అటువైపు మట్టానికి రాగానే ముందు తలుపు తీసేవారు. చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని చూసిన చోటికి నా కాళ్ళతో నేనే తొక్కుకుంటూ వచ్చాను. ఆ పూట నా అంత గొప్పది లేదనుకోండి.

వెనక్కి తిరిగి నాలుగు బారలు వెళ్ళానో లేదో, వెనక టైరు ఫట్‌మంది. తుమ్మముల్లు.

పంక్చరు షాపు ఉంది, తెరవలేదు. ఎనిమిదిన్నరకి వస్తాడన్నారు. టీకొట్టు అమ్మాయి మంచిది, "ఫోన్ చేసుకుంటారా అక్కా?" అని తన ఫోను చేతిలో పెట్టింది. తీసుకుని నిలబడ్డాను. మావారి నంబరు గుర్తురాలేదు! మొదటి నాలుగు అంకెలు వచ్చాయి, ఆ తర్వాత చీకటి. అమ్మాయిదీ రాలేదు. నాకు తడుముకోకుండా వచ్చింది ఒకే ఒక్కటి, మా పుట్టింట్లో ఎప్పుడో తీయించేసిన ల్యాండ్‌లైను నంబరు. ఫోను తిరిగిచ్చేసి బల్ల మీద కూర్చున్నాను. టీకి కూడా డబ్బుల్లేవు. ఆ అమ్మాయే ఇచ్చింది.

ఇల్లు చేరేసరికి పదింపావు. వీధి గుమ్మంలో నలుగురు నిలబడి ఉన్నారు. మావారు స్కూటరు మీద గట్టు కాకుండా రోడ్డు వైపు రెండుసార్లు తిరిగొచ్చారట, అమ్మాయికి ఫోన్ చేశారట. అది గడియారం చుక్క చూసి, "అమ్మ ఇంట్లోనే ఉంది నాన్నా" అందట. ఫ్రిజ్ మీద ఉంది మరి! తర్వాత సంగతి తెలిసి ఏడుస్తూ బస్సెక్కడానికి సిద్ధమైందట. మావారు నన్ను ఒక్కమాట అనలేదు. అదే భయమేసింది. చేతులు వణుకుతూ సైకిలు లోపలికి తీసుకెళ్ళి స్టాండు వేశారాయన. రెండ్రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాటల్లేవు.

అత్తగారే కదిపారు. మూడోరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర, కొడుకుతో. "ఒరే, మన ఊళ్ళో ఉన్నప్పుడు చాకలి వచ్చేవాడు గుర్తుందా? దుప్పట్లు మాత్రం నేనే కాలవకి తీసుకెళ్ళేదాన్ని. ఎందుకో తెలుసా?"

"చాకలి సరిగ్గా ఉతకడని కదమ్మా?"

"వాడు నాకన్నా బాగా ఉతికేవాడు" అన్నారావిడ మజ్జిగ కలుపుకుంటూ. "దుప్పట్లంటే ఎంతసేపైనా పడుతుందిగా. ఎవరూ అడగరు. గంటలో ఉతికేసి, ఆరిందాకా చెట్టుకింద కూర్చునేదాన్ని."

ఇరవై నాలుగేళ్ళుగా ఒకే వంటింట్లో తిరుగుతున్నాం ఆవిడా నేనూ. ఆ చెట్టు సంగతి నాకు ఆ రోజే తెలిసింది. మావారు తలొంచుకుని అన్నం తింటూనే, "అయితే ఎటు వెళ్తున్నావో అదైనా చెప్పి వెళ్ళు" అన్నారు నాతో. అందులో న్యాయం ఉంది.

ఆ సాయంత్రం అమ్మాయికి ఫోన్ చేసి అన్నీ చెప్పాను, ఊడని చైను సంగతితో సహా. కాసేపు మాట్లాడలేదు. "నేనడిగింది భయంతోనమ్మా, లెక్క అడగలేదు" అంది. తెలుసే తల్లీ అన్నాను. అదే నాకింకో కబురు చెప్పింది. పరుగులూ సైకిలు దారులూ నమోదుచేసే స్ట్రావా అని ఒక యాప్ ఉంది కదా, లోకంలో దాన్ని వాడేవాళ్ళందరూ తిరిగిన దారుల్ని కలిపి ఒక పటంగా వేసి బయటపెట్టారట. 2018 జనవరిలో చూస్తే, ఎడారుల మధ్య సైనికులు పరిగెత్తిన దారులు వెలుగుతూ సైనిక స్థావరాలు ఎక్కడున్నాయో పట్టిచ్చాయట! సైనికుల మాట అలా ఉంచి, మన ఆడపిల్లలు రోజూ ఏ వేళకి, ఏ గుమ్మంలోంచి బయల్దేరుతున్నారో ముక్కూమొహం తెలియనివాళ్ళు చూడకుండా జాగ్రత్తపడాలి. ఇలాంటివి వాడేవాళ్ళు ఇంటి దగ్గరి దారి దాచిపెట్టే సదుపాయం, పరాయివాళ్ళకి కనపడకుండా చేసే సదుపాయం ఉందేమో చూసి పెట్టుకోండి. పిల్లల్ని అడిగితే రెండు నిమిషాల్లో చేసిపెడతారు.

ఇప్పుడు మా ఏర్పాటు ఇది. వంటింట్లో పాల లెక్క రాసే క్యాలెండరు ఉంది కదా, వెళ్ళేముందు ఆ రోజు గడిలో ఒక ముక్క రాస్తాను. 'రేవు', 'తూము', 'లాకులు', అంతే. ఎనిమిదిన్నర దాటితే మావారు ఆ దారినే వస్తారు. సీటు కింద సంచిలో ఒక చీటీ: నా పేరు, ఇద్దరి ఫోను నంబర్లు, రక్తం గ్రూపు. దాంతోపాటు 200 రూపాయలు. వర్షానికి తడవకుండా పాలకవరులో చుట్టాను. నంబర్లు రెండూ ఎక్కాలు చదివినట్టు కంఠతా పట్టాను. మీరు కూడా ఇవాళే పట్టండి, సైకిలు లేకపోయినా సరే. గుండెజబ్బో, ఆయాసమో ఉన్నవాళ్ళు, చీకటితో ఒంటరి దారిన వెళ్ళేవాళ్ళు మాత్రం నన్ను చూసి ఫోను ఇంట్లో పెట్టి వెళ్ళకండి. సంచిలో పడేసుకోండి, మోగకుండా చేసుకుంటే సరిపోతుంది.

సైకిలు తీద్దామనుకునే వాళ్ళకి ఇంకో రెండు ముక్కలు. మనం భయంకొద్దీ సీటు బాగా కిందికి దింపించుకుంటాం. మోకాళ్ళ నొప్పి అక్కడే వస్తుంది. సీటు మీద కూర్చుని మడమ పెడలు మీద పెడితే, పెడలు కిందికి వెళ్ళినప్పుడు కాలు చాపినట్టుండాలి. అప్పుడు మునివేళ్ళ వైపు పాదంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగుతుంది, అదీ లెక్క. చున్నీ నడుముకి బిగించి ముడి వెయ్యందే ఎక్కద్దు, చక్రంలో పడితే ప్రాణాల మీదికొస్తుంది. గాలి తక్కువుంటే ఏనుగుని లాగినట్టుంటుంది, పదిహేను రోజులకోసారి కొట్టించండి. చైనుకి నూనె వేశాక పాతగుడ్డతో తుడవకపోతే దుమ్మంతా దానికే అంటుకుంటుంది. వంటనూనె మాత్రం వెయ్యకండి, జిడ్డుకట్టుకుపోతుంది. నేను వేసి అనుభవించాను.

రక్తపరీక్ష లెక్క మాత్రం వదల్లేదు. మూడు నెలల సగటు చూపించే పరీక్ష మొదట్లో 6.1 ఉండేది, ఈమధ్య 5.8కి వచ్చింది. అది డాక్టరుగారి పుస్తకంలో రాయాల్సిన లెక్క, రాయిస్తున్నాను.

గడియారం ఇప్పుడు మా అత్తగారి చేతికుంది. పడిపోతే పిల్లలకి కబురు పంపే ఏర్పాటు దానికుంది, ఆ వయసుకి అది అవసరం. అదీకాక ఆవిడకి దానితో మంచి కాలక్షేపం. అది లేవమంటే "నువ్వు లే ముందు" అంటారు.

మొన్న సంక్రాంతికి అమ్మాయి వచ్చింది. భోగి మర్నాడు తెల్లవారుజామున నేను వాకిట్లో ముగ్గు వేసి, లోపలికొచ్చి చేతులు కడుక్కుంటుంటే, మెట్ల కింద చప్పుడైంది. చూస్తే సైకిలు లేదు. ఫ్రిజ్ మీద దాని ఫోను ఉంది. క్యాలెండరులో పండగ గడిలో, ఎర్రంకె పక్కన, దాని కొక్కిరి రాత: 'కాలవ'.

కాలవ అంటే ఎటు? రేవా, తూమా? కింది వైపు కూడా కాలవే కదా! పొంగలికి పెసరపప్పు వేయించాను. గుమ్మం దాకా వెళ్ళొచ్చాను. బెల్లం కోరాను. మళ్ళీ వెళ్ళొచ్చాను. మావారు పేపరు మడిచి పక్కన పెట్టి, "స్కూటరు తియ్యనా?" అన్నారు. "ఎనిమిదిన్నర కాలేదుగా" అన్నాను, గొంతు కాస్త తడారిపోతున్నా. అత్తగారు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ ఏమీ మాట్లాడలేదు.

ఎనిమిదీ ఇరవైకి గేటు కిర్రుమంది. జుట్టంతా చెదిరిపోయింది, కొత్త చుడీదారు కాలికి నల్లటి చైను నూనె మరక. మొహం మాత్రం వెలిగిపోతోంది. ఎక్కడిదాకా వెళ్ళావే, ఇంతసేపు ఏం చేశావే అని నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆ మరక మీద కాస్త శనగపిండి చల్లి, నూనె పీల్చాక సబ్బు పెట్టు" అన్నాను. "కాఫీ కలపనా, స్నానం చేసొస్తావా?"